తవ్వకముందే వేసిన మట్టి కప్పే లెక్క: ఒక కొండ క్వారీ ప్రణాళికలో నా అనుభవం

2018 ఆగస్టులో పలమనేరు దగ్గరి ఒక రాతి క్వారీ యజమాని తన గని ప్రణాళికను తిరగరాయించుకోవడానికి నా దగ్గరికి వచ్చారు. ఒక పొడవాటి కొండకు తూర్పువాలులో 4.2 హెక్టార్ల లీజు అది. భవన నిర్మాణానికీ రోడ్లకూ కావలసిన రాయి తీయడానికి ఇచ్చినది. అంతకుముందు ఎవరో తయారుచేసిన ప్రణాళిక ఆయన చేతిలో ఉంది. చివరి అధ్యాయంలో, తవ్వకం పూర్తయ్యాక స్థలాన్ని ఏం చేస్తారన్న చోట, మూడు పేజీల వర్ణన తరువాత "గుంతలో వాననీరు నింపి చేపలు పెంచెదము" అని రాసి ఉంది. ఆ లీజులో గుంతే పడదు. కొండవాలును మెట్లు మెట్లుగా కోసుకుంటూ వస్తే మిగిలేది గోడ, దాని ముందు చదునైన నేల. నీరు నిలిచే చోటు ఏదీ ఉండదు. ఆ అధ్యాయాన్ని ఎక్కడో చదునునేలలో తవ్విన మరో క్వారీ ఫైలు నుంచి ఎత్తి ఇందులో అతికించారని అర్థమైంది. పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్నదాన్ని కనుక ఇలాంటివి నాకు కొత్త కాదు. అయినా ఆ వాక్యం చదివినప్పుడు, ఈసారి చివరి అధ్యాయం నుంచే మొదలుపెట్టి ప్రణాళిక రాయాలని నిశ్చయించుకున్నాను.

నిబంధనల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ అమలులో ఉన్నా, అయిదు హెక్టార్ల లోపు చిన్న ఖనిజాల (రాయి, ఇసుక లాంటి వాటి) లీజులు చాలాకాలం దాని చూపు పడకుండానే నడిచాయి. 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, విస్తీర్ణం ఎంత చిన్నదైనా పర్యావరణ అనుమతి తీసుకోవలసిందేనని చెప్పింది. 2016 జనవరి 15 సవరణతో, అయిదు వందల మీటర్ల దూరంలో ఉన్న క్వారీలన్నిటినీ ఒక గుంపుగా లెక్కించే పద్ధతి వచ్చింది. ఆపైన 2020 జనవరి 8న అదే న్యాయస్థానం, తవ్వి వదిలేసిన నేలలో పశుగ్రాసం, మొక్కలు, జీవాలు మళ్లీ పెరిగేలా గడ్డి వేసి ఇవ్వాలన్న షరతును ప్రతి గని లీజుకూ చేర్చమంది. మా ఫైలు కదిలేటప్పటికి ఈ చివరి షరతు ఇంకా రాలేదు. వచ్చిన తరువాత మేము మార్చుకోవలసింది ఏమీ లేకపోయిందంటే, కారణం మొదటి నెలలో కొండమీద మేము పడ్డ శ్రమే.

ఆ సెప్టెంబరులో పదకొండు రోజులు కొండమీదే గడిపాను. నాతో ఇద్దరు సర్వేయర్లు, చీలికల దిక్కు, వాలు కొలిచే ఒక బ్రంటన్ కంపాస్, సుత్తి, సంచులు. యజమాని పంపిన ఒక పెద్దాయన కూడా వచ్చేవారు. ఆయన యాభై ఏళ్లు సమ్మెట పట్టిన మనిషి. కంప్రెసర్లు రాకముందు రాతికి గూటాలు దిగగొట్టి చీల్చిన తరం. నన్ను "అమ్మా" అనేవారు, నేను "తాతా" అనేదాన్ని. రాతి గుణం చూడటానికి నేను సుత్తితో ముక్క పగలగొట్టి భూతద్దం తీస్తే, ఆయన పగలగొట్టకుండానే బండమీద సమ్మెట వెనుకభాగంతో మెల్లగా తట్టి చెవి పెట్టేవారు. "ఇదో, గంట మాదిరి పలికింది చూడమ్మా, ఇది నిండు రాయి. ఇక్కడ తట్టు, డొల్లగా పలకతాది, లోపల చీలిక ఉండాది." ఆయన డొల్ల అన్నచోటల్లా నేను పటంలో పెన్సిలుతో చుక్క పెట్టాను. సాయంత్రం ఆ చుక్కలు కలిపి చూస్తే, కొండ ఉపరితలానికి సమాంతరంగా ఉల్లిపొరల్లా విడిపోయిన పలకలు ఏ ప్రాంతంలో మందంగా, ఏ ప్రాంతంలో పలుచగా ఉన్నాయో తేలింది. పైనున్న బరువు కాలక్రమంలో కొట్టుకుపోయి రాయి ఊపిరి పీల్చుకున్నట్టు విచ్చుకోవడం వల్ల ఆ పలకలు ఏర్పడతాయి. వాటి హద్దు తెలియకుండా పైబెంచీ, అంటే కొండలో కోసే పైమెట్టు, ఎత్తు నిర్ణయిస్తే, పలక మొత్తం జారి కిందపడుతుంది.

ఆ కొండ రాయి చారల గ్రానైటు, మేము నైస్ అనే శిల. తెల్లని ఫెల్‌స్పార్ పట్టీ, నల్లని అభ్రకపు పట్టీ ఒకదాని పక్కన ఒకటి మెలికలు తిరిగి ఉంటాయి. చిత్తూరు జిల్లా నేల అంతటికీ పునాది ఈ రకం శిలలే. వాటి వయసు 250 కోట్ల సంవత్సరాలకు అటూఇటూ. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో చదువుకునేటప్పుడు మమ్మల్ని తిరుమల ఘాట్ రోడ్డులో ఒక మలుపు దగ్గర దింపి, కింద గ్రానైటు, పైన నగరి క్వార్ట్‌జైటు, రెంటి మధ్య గీత మీద అరచెయ్యి పెట్టమన్నారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించిన అసంగత రేఖ, అంటే రెండు శిలల మధ్య కాలం లోపించిన హద్దు, అది. ఆ గీత మందం వేలెడు కూడా లేదు, అందులో ఇమిడిన కాలం మాత్రం పదుల కోట్ల సంవత్సరాలు. మేము పని చేస్తున్న కొండ ఆ గీతకు కింది రాయే, పైకప్పు లేకుండా ఎండకూ వానకూ ఆరేసిన రాయి. అందుకే దానిమీద మట్టి అంత తక్కువ.

మట్టి లెక్క నాకు అన్నిటికన్నా ముఖ్యం. పదిహేను మీటర్లకొకటి చొప్పున గడ్డపారతో గుంతలు తీసి స్కేలుతో కొలిచాము. పై భాగంలో, అంటే మొదటి దశలో తవ్వబోయే సుమారు 14,000 చదరపు మీటర్లలో, సగం వట్టి బండ. మిగిలిన సగంలో పైమట్టి సగటున ఇరవై సెంటీమీటర్లు. మొత్తం కలిపితే 1,400 ఘనమీటర్లు, దాదాపు నూట నలభై టిప్పర్లు. దాని కింద అరమీటరు నుంచి మీటరున్నర దాకా మెత్తబడిన గరుసు ఉంది. ఇదీ మా ఆస్తి. రాయి తీసి అమ్మేది. గరుసు అవసరమైతే ఎక్కడైనా దొరికేది. ఈ పైమట్టిలో మాత్రం బోదగడ్డి వేళ్లు, తంగేడు గింజలు, బందారు గింజలు, చెదపురుగులు తిప్పిన ఆకుపొడి ఉన్నాయి. కొనడానికి ఎక్కడా దొరకదు. యజమానికి ఈ లెక్క చూపించినప్పుడు ఆయన, "మట్టికి ఇంత పటమా మేడం?" అన్నారు. పటం అవసరమేనని చెప్పి, ఆ కాగితం మీద ఆయన చేత సంతకం చేయించుకున్నాను. తరువాత అది అక్కరకు వచ్చింది.

ఇక చీలికల సంగతి. మూడు వరుసల చీలికలు దొరికాయి. ఒకటి నిట్టనిలువుగా తూర్పుపడమరలుగా పోయేది, రెండోది ఇందాక చెప్పిన ఉల్లిపొర, మూడోది తూర్పుదిక్కుకు సుమారు 50 డిగ్రీల వాలుతో దిగేది. ఈ మూడోదే ప్రమాదం. క్వారీ గోడ కూడా తూర్పుకే చూస్తుంది. గోడ 70, 80 డిగ్రీలు నిటారుగా ఉండి, లోపలి చీలిక 50 డిగ్రీలతో అదే దిక్కుకు వాలితే, దాని కింది అంచు గోడలో బయటపడుతుంది. చీలిక మొహాల మధ్య రాపిడి గ్రానైటులో 30, 35 డిగ్రీల దాకానే మోస్తుంది. అంతకన్నా ఏటవాలైతే, వాననీరు లోపలికి దిగిన రోజున పై ముక్క బల్లమీది పుస్తకంలా జారుతుంది. అయితే ఇలా జారాలంటే చీలిక సాగే దిక్కు గోడ సాగే దిక్కుకు సుమారు ఇరవై డిగ్రీల లోపే తేడాతో ఉండాలి. అంతకు మించి గోడను పక్కకు తిప్పగలిగితే, ముక్కకు జారే దారి సూటిగా దొరకదు. అందువల్ల ఆఖరి గోడను ఉత్తర దక్షిణాలుగా కాక, ఈశాన్యాన్ని చూసేట్టు 30 డిగ్రీలు తిప్పి గీశాను. నిలువు చీలికతో కలిసి ముక్కోణపు దిమ్మలు ఊడే వీలుందా అని విడిగా లెక్క వేసుకొని, అలాంటి మూడు చోట్ల బెంచీ వెడల్పు పెంచాను.

గోడను అలా తిప్పడంతో లీజుకు దక్షిణపు కొసన త్రికోణాకారంలో ఒక ముక్క తవ్వకుండా మిగిలిపోయింది. యజమాని మొహం చిన్నబోయింది. ఆ ముక్కలోనే ఒక నల్లరాతి డైకు ఉంది. డైకు అంటే పూర్వం నైస్ పగుళ్లలోకి కరిగిన శిలాద్రవం కిందినుంచి ఎక్కి గడ్డకట్టిన గోడ. కుప్పం, పలమనేరు వైపు నల్ల గ్రానైటని బ్లాకులుగా తీసేది ఇలాంటి రాయే. రోడ్డు మెటలుకు ఇచ్చిన లీజులో దాన్ని బ్లాకులుగా అమ్ముకునే హక్కు ఎలాగూ లేదు. దాన్ని వదలమనడానికి నాకున్న అసలు కారణం మాత్రం వేరు.

నాలుగో రోజు మధ్యాహ్నం డైకు వెంట నడుస్తుండగా దాని ఉత్తరపు పక్కన, బండల మధ్య, మంచమంత దొన కనిపించింది. లోపల మోకాలి లోతు నీరు. ఆ సెప్టెంబరులో వానలు ఇంకా సరిగా పడలేదు. కింద వంకలో చుక్క లేదు. మేకలు తోలుకొచ్చిన ఒకామెను, "అక్కా, ఇది ఎప్పుడైనా ఎండుతుందా?" అని అడిగితే, "నేను కాపురానికొచ్చి ముప్పైయేండ్లు, ఎండింది రెండుసార్లే" అంది. దొన గోడ తడిమి చూస్తే ఉత్తరపు పక్క నైస్ చీలికలోంచి సన్నగా ఊట వస్తోంది. దక్షిణపు పక్క నల్లరాయి పొడిగా, నున్నగా ఉంది. చీలికల నైస్‌లో కొండ లోపలినుంచి దిగివచ్చే నీటికి, చీలికలు తక్కువగా ఉన్న డైకు అడ్డుగోడ. నీరు దాటలేక అక్కడ పైకి తేలుతోంది. డైకును కోసినా, దానికి ఎగువన నైస్‌ను నీటిమట్టం కిందికి తవ్వినా, ఆ దొన ఖాళీ అవుతుంది. ఆ సాయంత్రమే డైకుకు ఇరుపక్కలా పాతిక మీటర్లు తాకరాని పట్టీగా పటంలో ఎర్రగీత గీశాను. దొనలో ఒక ఇనుప కడ్డీ నిలిపి, సెంటీమీటర్ల గాట్లు పెట్టి, నెలకొకసారి నీటిమట్టం రాసేందుకు పుస్తకం తెరిచాను. మొదటి కొలత 47.

ఇంతదాకా తేలిన తరువాతే దశలు విడదీశాను. కింది రోడ్డు నుంచి లీజు పై అంచు దాకా ఎత్తు 54 మీటర్లు, ఆరేసి మీటర్ల చొప్పున తొమ్మిది బెంచీలు. దశకు మూడు బెంచీలు, పైనుంచి కిందికి. ఇక్కడే యజమానితో నెలరోజుల వాదన జరిగింది. ఆయన ఆలోచన చాలామంది ఆలోచనే. రోడ్డు కిందుంది కాబట్టి కొండ పాదం దగ్గర మొదలుపెడితే మొదటి రోజు నుంచే లారీ నిండుతుంది; పైకి దారి వేయడానికి ఖర్చు ఎందుకు? నేను ఆయనను దగ్గర్లోని ఒక పాత, వదిలేసిన క్వారీకి తీసుకుపోయాను. పాదం నుంచి కోసుకుంటూ పోయిన గోడ, నలభై మీటర్లు నిటారుగా, మధ్యలో ఒక్క మెట్టు లేకుండా. దానిమీద మట్టి వేయాలన్నా, మొక్క నాటాలన్నా, వేలాడే బండను దించాలన్నా, మనిషి గానీ యంత్రం గానీ చేరుకునే దారి లేదు. ఇరవై ఏళ్లు గడిచినా పగుళ్లలో రెండు రావిమొక్కలు తప్ప ఏమీ లేవు. పైనుంచి దిగితే, పై మూడు బెంచీల ఆఖరి గోడ మొదటి దశలోనే పూర్తయిపోతుంది. దానికి మట్టి కప్పి, మొక్కలు పెట్టి, వాటి వేళ్లు పట్టుకునే లోపల కింద రెండో దశ నడుస్తుంటుంది. తవ్వే పనికి తెచ్చిన హిటాచీ, టిప్పర్లే కప్పే పనీ చేస్తాయి. పని అంతా అయ్యాక యంత్రాలు వెళ్లిపోయిన కొండకు ఎవరు తిరిగి వస్తారు? ఆ గోడ కింద నిలబడి ఆయన చాలాసేపు పైకి చూశారు. ఉత్తరపు పక్క పశువులబాట ఎక్కే కొండమెడ నుంచి, పదహారు మీటర్లకు ఒక మీటరు వాలుతో, 480 మీటర్ల దారి వేయడానికి ఒప్పుకున్నారు. మొదటి దశ బెంచీలు కప్పకుండా రెండో దశలో మొదటి రంధ్రం వేయరాదన్న వాక్యాన్ని కూడా ప్రణాళికలో ఉంచనిచ్చారు. ఆ వాక్యం ఆయన ఉంచనివ్వకపోతే నేను ఆ పని వదులుకునేదాన్ని.

కప్పే పద్ధతిని వివరంగా చెబుతాను, అడిగేవాళ్లు ఎక్కువ. ఆఖరి బెంచీ వెడల్పు ఆరు మీటర్లు. దాని నేల బయటికి కాక, కొండవైపుకు కొద్దిగా వాలి ఉండాలి, అప్పుడే వాన మట్టిని అంచునుంచి తోసుకుపోదు. అంచు వెంట పెద్ద బండలు వరుసగా పేర్చి, అడుగున గులకరాళ్లు, దానిపైన అరవై సెంటీమీటర్లు గరుసు, ఆపైన ముప్పై సెంటీమీటర్లు పైమట్టి. కొండవైపు మూలన రాతితో నింపిన సన్నకాలవ. అది పక్కనున్న చుట్టుకాలవలోకి, చుట్టుకాలవ కింద మడ్డి నిలిచే గుంతలోకి, అక్కడినుంచి తేరిన నీరు వంకలోకి. గోడ మొత్తం ఒకే గీతలో నున్నగా ఉంటే కొండలా కనపడదని, కొన్నిచోట్ల గోడ పైపెదవిని చిన్న పేలుడుతో కిందికి రాల్చి, రాళ్లకుప్ప వాలుగా మార్చాము. ఇంగ్లండులో డెర్బీషైర్ సున్నపురాయి క్వారీల్లో ఈ పద్ధతిని ప్రయోగించి చూశారు. సహజమైన కొండవాలులో గోడ, రాళ్లవాలు, మధ్యలో పచ్చిక ఎలా అల్లుకుని ఉంటాయో అలాగే తయారుచేసే ప్రయత్నం. మా గ్రానైటు సున్నపురాయిలా సన్నగా రాలదు, పెద్ద పెద్ద దిమ్మలుగా పడుతుంది. ఆ దిమ్మల సందుల్లో గరుసు కూరవలసి వచ్చింది.

మొక్కల విషయంలో త్వరగా పచ్చబడేవి వద్దనుకున్నాను. సుబాబుల్, ఆస్ట్రేలియా తుమ్మ నాటితే రెండేళ్లలో ఫోటో బాగా వస్తుంది కానీ కింద గడ్డి పెరగదు. పక్క వాలులో ఏమున్నాయో లెక్కరాసుకొని వాటినే ఎంచాము: మొదట బోదగడ్డి, తంగేడు, బందారు, తరువాత సీతాఫలం, రేల, ఊడుగ, కానుగ. గింజలు మేకలు కాచే ఆడవాళ్లే ఏరి ఇచ్చారు.

అనుమతుల దశ గురించి రాయడానికి పెద్దగా లేదు. ప్రశ్నలు వచ్చాయి, జవాబులు ఇచ్చాము, పేలుడు కంపనాల కొలత అడిగారు. మట్టిమిద్దెలు, పెంకుటిళ్లు ఉన్న ఊరు ఆరు వందల మీటర్ల దూరంలో ఉంది కనుక, గనుల భద్రతా విభాగం 1997లో ఇలాంటి ఇళ్లకు నిర్దేశించిన హద్దుల్లో అతి తక్కువదైన సెకనుకు 5 మిల్లీమీటర్లనే మా పరిమితిగా పెట్టుకున్నాము. 2019 చివర్లో అన్ని కాగితాలూ చేతికొచ్చాయి. 2020 ఫిబ్రవరిలో పైమట్టి తీయడం మొదలైంది.

మొదటి నష్టం అప్పుడే జరిగింది. తీసిన మట్టిని రెండు మీటర్లకు మించని ఎత్తులో పొడవాటి కుప్పగా పోసి, పైన ఉలవలు చల్లమని రాసి ఇచ్చాను. కుప్ప ఎత్తు పెరిగితే లోపల గాలి ఆడక మట్టిలో జీవం చస్తుంది. ఉలవలు వేస్తే వేళ్లు పట్టి ఉంచుతాయి, నత్రజని చేరుతుంది. మార్చిలో లాక్‌డౌన్‌తో పని ఆగింది. మే నెలాఖరుకు నేను వెళ్లేసరికి కుప్పలో మూడోవంతు లేదు. దారి గుంతలు పూడ్చడానికి కాంట్రాక్టరు దగ్గర్లో ఉన్న మట్టి కదా అని అయిదు వందల ఘనమీటర్లు తోడి దారిమీద పోసి రోలరు తిప్పించాడు. అతనికి అది మట్టి మాత్రమే. ఆరోజు నేను గట్టిగానే మాట్లాడాను. యజమాని సంతకం చేసిన మట్టిపటం అప్పుడు బయటికి తీశాను. ఆయన ఆ పటం చూసి, పోయిన మట్టికి బదులు సంపాదించే ఖర్చు కాంట్రాక్టరు బిల్లులో కోసి, కుప్ప చుట్టూ కంచె వేయించారు. మిగిలింది 900 ఘనమీటర్లు. మూడు బెంచీలు, ఒక్కొక్కటి నూటయాభై మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు. ముప్పై సెంటీమీటర్ల మందానికి 810 కావాలి. అంచున గీసిన లెక్క, తొంభై మాత్రమే మిగులు.

రెండో నష్టానికి బాధ్యత నాదే. 2021 అక్టోబరుకు మొదటి రెండు బెంచీల ఆఖరి గోడ పూర్తయి, మట్టి కప్పి, గడ్డిగింజలు చల్లాము. నవంబరు 18, 19 తేదీల్లో తిరుపతి, చిత్తూరు ప్రాంతాలను ముంచిన వానలు అందరికీ గుర్తుండే ఉంటాయి. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించిన రోజులవి. దారులు తెగిపోయి, నేను కొండ చేరేసరికి 22వ తేదీ అయింది. మొదటి బెంచీ చెక్కుచెదరలేదు. తంగేడు మొలకలు వేలెడు పొడవున నిలబడి ఉన్నాయి. రెండో బెంచీలో, దక్షిణపు కొసన అరవై మీటర్ల మేర, మట్టి లేదు. కడిగేసిన బండ మెరుస్తోంది. అంచు బండల సందుల్లోంచి మట్టి, గరుసు కలిసి కిందికి పోయాయి. మడ్డిగుంత నిండి పొర్లింది, వంక దిగువన ఒక రైతు కయ్యలో జానెడు మందాన బురద పరచుకుంది. అప్పటికి నాట్లు వేసి ఇరవై రోజులు.

లెవెల్ యంత్రం పెట్టి చూస్తే కారణం తెలిసింది. ఆ అరవై మీటర్లలో బెంచీ నేల కొండవైపుకు కాక, బయటికి వాలి ఉంది; ఆరు మీటర్ల వెడల్పుకు పదకొండు సెంటీమీటర్లు. పేలుడు రంధ్రాలు అక్కడ కాస్త లోతుగా దిగాయి, బయటి అంచు ఎక్కువ విరిగింది. గరుసు పరిచేముందు రాతినేల మట్టాన్ని పది మీటర్లకొకసారి కొలవాలని ప్రణాళికలో నేనే రాశాను. మొదటి బెంచీకి నేనే నిలబడి కొలిపించాను. రెండో బెంచీ సమయానికి మరో పనిమీద కుప్పంలో ఉండి, ఫోనులో "సరిగానే ఉంది మేడం" అన్న మాట విని, కప్పమన్నాను.

రైతు దగ్గరికి యజమాని, నేను కలిసి వెళ్లాము. ఆయన కేకలు వేయలేదు. గట్టుమీద కూర్చుని, బురదలోంచి ఒక పైరు మొక్క లాగి, "ఇది మీ కొండ మన్నే కదమ్మా, మంచి మన్నే. పైర్లో పడకుండా ఎండాకాలం తోలుంటే నేనే తోలించుకుందును" అన్నాడు. పంట నష్టం లెక్కకట్టి ఇచ్చాము, బురద ఎత్తించాము. ఎత్తిన మట్టిని ఆయన అడిగినట్టే మెట్టచేనుకు తోలించాము. దాన్ని తిరిగి కొండకు తీసుకుపోయే హక్కు మాకుందని నాకు అనిపించలేదు.

పోయిన మట్టికి బదులు, 2022 వేసవిలో అధికారుల అనుమతితో ఊరి చెరువు పూడికమట్టి కొంత తెచ్చాము. పూడికమట్టి ఒక్కటే వేస్తే ఎండకు పలకలు పగిలి, వానకు జిగటవుతుంది. ఒక వంతు పూడిక, రెండు వంతుల గరుసు, కొంచెం పశువుల ఎరువు కలిపి, పైన మాత్రం మిగిలిన అసలు పైమట్టి అయిదు సెంటీమీటర్లు గింజల కోసం చల్లాము. బెంచీ నేలను బయటి అంచున రాతితో, కాంక్రీటుతో ఎత్తుచేసి వాలు సరిచేశాము. మడ్డిగుంతను ఒకదాని బదులు మూడు చేశాము, ఒకటి నిండితే తరువాతిది అందుకునేలా. మూడో బెంచీ కప్పేటప్పుడు లెవెల్ కర్రను నేనే పట్టుకున్నాను.

పూడిక కలిపిన ఆ అరవై మీటర్లు ఇప్పటికీ మిగతావాటికన్నా వెనుకబడే ఉన్నాయి. అసలు మట్టి ఉన్నచోట బోదగడ్డి నడుమెత్తు పెరిగి, సీతాఫలం మొక్కలు మొదటి పిందెలు వేశాయి. ఇక్కడ వెంపలి, తుత్తురబెండ లాంటి బీడుమొక్కలే ఎక్కువ. నాలుగడుగుల దూరంలో తేడా కంటికి కనపడుతుంది. కొత్తగా ప్రణాళికలు రాసే పిల్లలు వస్తే వాళ్లను ముందు ఆ రెంటి మధ్య హద్దు దగ్గరే నిలబెడతాను.

రెండో దశ 2023 మార్చిలో మొదలైంది, అయిదో బెంచీ నడుస్తోంది. మూడో దశ మాత్రం ఇంకా తెరవనివ్వలేదు. దాని అడుగునేల దొన నీటిమట్టం కన్నా దిగువకు పోతుంది. దొన పుస్తకంలో ఇప్పటికి డెబ్బై అయిదుకు పైగా కొలతలున్నాయి. 2019 వేసవిలో 12 దాకా దిగింది, 2021 డిసెంబరులో కడ్డీ మునిగింది. తవ్వకం వల్ల మట్టం తగ్గిందని చెప్పడానికి వాటిలో ఆధారం కనపడలేదు, తగ్గదని చెప్పడానికీ అవి చాలవు. ఇప్పటిదాకా తవ్వినదంతా నీటికి ఎగువనే. యజమాని గత నెల అడిగారు. ఆరో బెంచీ పూర్తయ్యాక డైకుకు ఉత్తరాన రెండు బోర్లు వేసి, రెండు వేసవులు నీటిమట్టం చూసి, అప్పుడు చెబుతానన్నాను. దక్షిణ భాగంలో ఆరో బెంచీతోనే ఆపేసే పటం కూడా ఒకటి గీసి ఆయనకిచ్చాను. దాంతో ఆయనకు ఎంత రాయి తగ్గుతుందో అందులో రాసి ఉంది.

నిన్న కొలతకు వెళ్లాను. తాత ఇప్పుడు కొండ ఎక్కలేరు, ఆయన మనవడు నాతో వచ్చాడు. దొన అంచున మోకాళ్లమీద వంగి, చేత్తో నాచు పక్కకు తోసి, కడ్డీ మీది గాటు చదివాడు. 39.